బరువే ఆసరా

హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద నార్కట్‌పల్లి దగ్గర బస్సు కిటికీలోంచి చూస్తే చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద తాటిచెట్లు వరుసకట్టి నిలబడి ఉంటాయి. పొద్దుగాల అయితే ఏదో ఒక చెట్టుకు సగం ఎత్తులో కల్లు గీసే గౌడన్న కూడా కనిపిస్తాడు. ఆయన నడుము చుట్టూ ఉన్న మోకును ఒకసారి తీరిగ్గా చూడండి.

ఏముంది అందులో? గట్టి తాడు, వీపుకు ఆనే చోట కాస్త వెడల్పు, అంతే. దాన్ని చెట్టుకూ తనకూ కలిపి చుట్టుకుంటాడు. పాదాలకు గుజి అనే బంధం తగిలించి మానును పట్టి ఉంచుతాడు. వెనక్కి ఒరిగితే మోకు బిగుస్తుంది, చెట్టు వైపు వంగితే వదులవుతుంది. ఆ వదులైన రెప్పపాటులో దాన్ని పైకి ఎగరేస్తాడు, మళ్లీ ఒరుగుతాడు, కాళ్లు పైకి జరుపుతాడు. ఎప్పుడో రాలిన మట్టలు మాను మీద వదిలిన గరుకు కూడా ఈ లెక్కలో భాగమే. మర లేదు, తాళం లేదు. మనిషిని కిందికి లాగే బరువే మనిషిని చెట్టుకు అదిమి పెడుతోంది! ఈ కిటుకు మొదట తట్టిన బుర్ర ఎవరిదో గాని, దానికి దండం పెట్టాలి.

అయినా మోకు జారిన రోజు ఇల్లు కూలుతుంది. ఎంత గొప్ప తాడైనా ఒక్కటే తాడు. అందుకే 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కిట్లు పంచడం మొదలుపెట్టింది. కాలు తప్పినా నేల దాకా పోనివ్వని ఏర్పాటు అది. గీత కార్మికుల కులదైవం పేరు పెట్టడం బాగుంది.

ఇక ముస్తాదు, అంటే గీత సరంజామా. కత్తులూ, కల్లు పట్టే కుండ లొట్టీ నడుముకే వేలాడతాయి. పైకి పోయాక రెండు చేతులూ పనికే కావాలి గదా. గెల కొసను పూటపూటా పలుచగా గీయాలి. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది, గీయడం మానేస్తే ధార ఆగుతుంది. ఆ సన్నటి గీతకు తగ్గ పదును కత్తికి ఉండాలి.

లొట్టి అడుగు గుండ్రం. నేల మీద కుదురు లేనిదే నిలబడదు, ఎందుకంటే అది పుట్టింది వేలాడటానికి. మెడకు తాడు కట్టడానికి వీలుగా కంఠం, కల్లు తొణకకుండా సన్నటి మూతి. మట్టి సన్నసన్నగా చెమర్చి లోపలిదాన్ని చల్లగా ఉంచుతుంది.

కల్లు తాగే మండువలో కూర్చున్నాక చేతికి వచ్చేది తాటాకు రేక. తాటాకుకు పుట్టుకతోనే మడతలున్నాయి. ఆ మడతల వెంటే వంచి కొస ముడిస్తే దోసెడు పట్టే పాత్ర తయారు. లొట్టి పైనుంచి వంపుతుంటే నురగ అంచుదాకా పొంగి, రేక వొంపులోంచి నేరుగా పెదవికి చేరుతుంది. కడగక్కర్లేదు, దాచక్కర్లేదు, పారేస్తే మట్టిలో కలుస్తుంది. చెట్టు ఇచ్చినదాన్ని ఆ చెట్టు ఆకులోనే తాగించే ఊళ్లకు డిజైన్ పాఠాలు చెప్పేముందు, ఎంత గొప్ప బడైనా ఒక పూట ఇక్కడ విద్యార్థిగా కూర్చోవాలి.