పది ముప్పైకి రాసిన లైను

మామిడి కోతలప్పుడు మా విస్సన్నపేట చుట్టుపక్కల తోటల్లో పాము భయం ఎప్పుడూ ఉండేదే. చిక్కంతో రసాలు కోసేవాళ్లు పైకి చూస్తూ నడుస్తారు, కాళ్ల కింద ఎండుటాకుల్లో ఏముందో కనిపించదు. మాటవరసకు ఒక కూలీని రక్తపింజరి కరిచిందనుకుందాం. రాత్రి పదింటికి ఆటోలో చిన్న నర్సింగ్ హోమ్‌కి తెచ్చారు. డాక్టరు కాస్త రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, వంచి చూశాడు. గడ్డకట్టలేదు. విరుగుడు ఇంజెక్షన్ మొదలుపెట్టి, పరిస్థితి బాగాలేదని విజయవాడ పంపించాడు. దారిలోనే ప్రాణం పోయింది. కొన్నాళ్లకు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆలస్యం చేశాడని ఆ కూలీ ఇల్లాలి ఫిర్యాదు.

వినియోగదారుల కమిషన్‌లో ఓడితే పోయేది డబ్బు. ఇక్కడ పోయేది రిజిస్టర్లో పేరు. కొంతకాలానికో, శాశ్వతంగానో ఆ పేరు కొట్టేస్తే ఆ మనిషి ఇక వైద్యం చేయకూడదు. అందుకే 2002 నాటి వైద్య నీతి నిబంధనలు అతను స్వయంగా గానీ, వకీలు ద్వారా గానీ తన మాట చెప్పుకోవాలన్నాయి. పనితనం లోపించిందా లేదా అన్నది తోటి వైద్యులే తేల్చాలన్నాయి. ఆరు నెలల్లో తీర్పు రావాలన్నాయి. మరి కాటుకు కట్టు కట్టి, పసరు పోసి, రెండు గంటలు వృథా చేసినవాడు ఊళ్లో ఎవరైనా ఉంటే? వాడి పేరు ఏ రిజిస్టర్లోనూ లేదు, కొట్టేయడానికి.

డాక్టరు తరఫున వాదించడమంటే తప్పు కప్పిపుచ్చడమేనని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. అతని వాదన వకీలు ఆఫీసులో పుట్టదు, ఆ రాత్రి కేసు షీటు మీదే పుడుతుంది. ‘10:10కి రక్తం తీశాం, 10:30కి గడ్డకట్టలేదు, 10:35కి మొదటి వయల్’ అన్న లైను ఉంటే అది అతన్నీ కాపాడుతుంది, ఆ ఇల్లాలికీ జరిగింది చెబుతుంది. నోటీసు అందాక భయంతో ఆ లైను కొత్తగా రాసుకున్నాడా, నిజంగా శ్రద్ధగా వైద్యం చేసినవాడైనా సరే, ఇక ఏ వకీలూ ఏమీ చేయలేడు. అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలన్న నిబంధన ఉన్నది అందుకే కాబోలు అనిపిస్తుంది నాకు.

ఈ భయం గురించి సుప్రీంకోర్టు కూడా మాట్లాడింది. 1995లో లూధియానా ఆసుపత్రిలో ఊపిరాడని రోగికి పెట్టిన ఆక్సిజన్ సిలిండర్ ఖాళీగా ఉంది. డాక్టర్ జేకబ్ మాథ్యూ కేసుగా అది ఆ కోర్టు దాకా వెళ్లింది. వైద్యుణ్ణి నేరస్థుడనాలంటే మామూలు పొరపాటు చాలదని, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో కోర్టు తేల్చింది. ఈ తీర్పును డాక్టర్లు తరచూ తలుస్తారు. కానీ కోర్టు తప్పించింది క్రిమినల్ కేసునే, జవాబుదారీని కాదు. నాకు ముఖ్యమనిపించింది అందులో ఇంకో మాట: కేసు భయంతో చేతులు వణికే సర్జన్ ఆపరేషన్ సరిగ్గా చేయలేడన్నది. మా ఊరికి ఆ మాట ఎలా వర్తిస్తుందో చూడండి. ఒక్కసారి అన్యాయంగా శిక్షపడితే, తర్వాతి పాము కాటు మనిషిని గుమ్మంలోంచే విజయవాడ పంపించేస్తారు. ఆ గంటన్నర ప్రయాణంలో విషం ఆగదు.

అందుకే డాక్టరుకు పూర్తి అవకాశం ఉండాలని గట్టిగా అంటాను. అంతే గట్టిగా ఇంకోటీ అంటాను. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం రాష్ట్ర కౌన్సిల్ చర్య మీద ఎథిక్స్ బోర్డుకు, ఆ పైన కమిషన్‌కు వెళ్లే దారి వైద్యుడికి రాసిపెట్టింది. ఆ దారి చెప్పే సెక్షన్‌లో రోగి ఊసు లేదు. ఇది నాకు మింగుడుపడదు. విచారణ గదిలో ఆ ఇల్లాలికీ కుర్చీ వేయాలి. ఇంగ్లీషులో ఉన్న ఆ కేసు షీటును నిమిషాలతో సహా తెలుగులో చదివి వినిపించాలి. ఆ తర్వాత డాక్టరును ఏమడగాలో ఆమెనే అడగనివ్వాలి.