కాచుకోవడమే తెలిసిన చేతులు

2009 ఎండాకాలంలో న్యూజెర్సీలో చెల్లెలింట్లో నెలన్నర ఉన్నాను. పిల్లలిద్దరూ హైస్కూలు వయసువాళ్ళు. సాయంత్రమయితే హాల్లో సోఫా వెనక్కి జరిపి 'వీ స్పోర్ట్స్'లో బాక్సింగ్ ఆడేవాళ్ళు. కుడిచేతిలో రిమోటు, ఎడమచేతిలో దానికి వైరుతో కలిపిన నంచక్. మనం గాలిలో గుద్దితే టీవీలో మన బొమ్మ గుద్దుతుంది. బొమ్మకి ఎవరి మొహం కావాలంటే ఆ పోలికలు పెట్టుకోవచ్చు. దానికి మోచేతులుండవు, పిడికిళ్ళు మాత్రం గాలిలో తేలుతుంటాయి.

ఒకరోజు నన్నూ నిలబెట్టారు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెడితే కాచుకున్నట్టు, పక్కకి వంగితే తప్పించుకున్నట్టు. చెల్లెలి కూతురు ఎన్ని గుద్దులు విసిరినా నాకు తగల్లేదు.

"భలే కాచుకుంటున్నావే పెద్దమ్మా! ఎక్కడ నేర్చుకున్నావ్?" అంది.

వంటింట్లో గిన్నెలు కడుగుతున్న మా చెల్లెలి చేతులు ఆగిపోయాయి. ఎక్కడ నేర్చుకున్నానో దానికి తెలుసు. పదకొండేళ్ళ కాపురంలో నేర్చుకున్నాను.

"కాచుకుంటూనే ఉంటే ఎలా? కొట్టు!" అంది పిల్ల.

కొట్టాను. దాని బొమ్మ పడిపోయింది. పది లెక్కపెట్టేదాకా లేవలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు చెప్పలేనంత సంతోషం, వెంటనే అంత సిగ్గూ. ఆ బొమ్మ మొహంలో నేను చూసింది పిల్లని కాదు, అతన్ని.

పిడికిలి మగవాళ్ళ భాష, మనకొద్దు అని సభల్లో చాలాసార్లు మాట్లాడినదాన్ని. ఆ రాత్రి ఆ మాట నాకే చాలలేదు. బాక్సింగ్‌లో ఇద్దరూ ఒప్పుకునే నిలబడతారు. గంట మోగితే ఆపాలి. పడిపోయినవాళ్ళని కొట్టకూడదు. మా ఇంట్లో గంటా లేదు, లెక్కపెట్టేవాళ్ళూ లేరు. ఆ రెండు పిడికిళ్ళనీ ఒకే గాట కట్టడం నాకు జరిగిందాన్ని చిన్నది చేయడమే. (గృహహింస చట్టం అమల్లోకొచ్చింది 2006 అక్టోబరులో, ఈ ఆట అమెరికా దుకాణాల్లోకి వచ్చింది నవంబరులో. రెంటికీ ఏ సంబంధమూ లేదు. నా దగ్గరికి మాత్రం రెండూ ఆలస్యంగానే వచ్చాయి.)

అయినా సిగ్గు పోలేదు. రిమోటులో ఉండే యాక్సిలరోమీటరు చేతి వేగం ఎలా మారిందో కొలుస్తుంది, అంతే. ఆడుతున్నామో కసి తీర్చుకుంటున్నామో దానికి పట్టదు. నాకు పట్టాలి కదా! ఆ పిల్ల నాతో ఆడటానికి ఒప్పుకుంది గానీ అతని బదులు నిలబడటానికి కాదు. ఆఫీసులో ఎవరిమీదో వచ్చిన కోపం అతను నామీద తీర్చుకునేవాడు. నేను చేసిందీ అదేనా? ఎవరికీ దెబ్బ తగల్లేదు, నిజమే. అది చిన్న తేడా కాదు. కానీ ఎదుట ఉన్న మనిషిని చెరిపేయడం మాత్రం రెండుచోట్లా ఉంది.

2022లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఇదంతా మళ్ళీ గుర్తొచ్చింది. ఫైనల్లో ఆమె ఎదుట ఉన్నది థాయ్‌లాండ్ బాక్సరు జిట్‌పాంగ్ జుటామస్. గెలవాల్సింది ఆమె మీద, ఇంకెవరి మీదో కాదు.

ఆ న్యూజెర్సీ ఇంట్లో మర్నాడు సాయంత్రం రిమోటు నేనే అడిగి తీసుకున్నాను. మొదలుపెట్టేముందు పిల్ల బొమ్మని పరీక్షగా చూశాను. దానిలాగే కళ్ళజోడు, పెదవి పక్కన పుట్టుమచ్చ. ఆ మచ్చనే చూస్తూ ఆడాను. రెండో రౌండులో నన్ను పడగొట్టేసింది. కాచుకోవడం మర్చిపోయాను.