రెండు కాగితములు, ఒక బిడ్డ

జ్వరపడిన బిడ్డకు పుంగనూరులో డెంగీ ఉన్నదందురు. మరునాడు మదనపల్లెలో లేదందురు. తల్లి ఏ కాగితమును నమ్మవలెను?

రెండును నిజమే కావచ్చును. ఎన్‌ఎస్‌1 పరీక్ష తొలిదినములలోనే వైరస్ అంశమును పట్టును. ఐజీఎం పరీక్ష వెదకునది దేహము చేసికొను ప్రతిరక్షకములను. అవి సుమారు 5వ దినమునకు గాని కానరావు. మూడవనాటి రక్తమున అవి లేకుండుట వింత గాదు. జ్వరము మొదలైన దినము ఏ యంత్రమునకును తెలియదు. దానిని తల్లియే చెప్పవలెను.

నచ్చిన కాగితము చూపి నచ్చనిది దాచుట మనలోను కలదు. అరివే గురువనువారము దాచవచ్చునా? రెండింటిని తేదీలతో ఒకే వైద్యునకు చూపుడు. జ్వరము తగ్గుచుండగా కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత కనబడినచో, కుప్పమువారైనను మదనపల్లెవారైనను మూడవ పరీక్షకై ఆగక అప్పుడే ఆసుపత్రికి బయలుదేరుడు.