కారణం వేరు, నేరం వేరు

పెళ్లయి రెండు మూడేళ్లు గడిచినా సంతానం కలగకపోతే మన కుటుంబాలలో వేళ్లన్నీ కోడలి వైపే చూపిస్తాయి. ఆస్పత్రికి ఆమెనే తీసుకువెళతారు. తాయెత్తు ఆమె మెడలోనే కడతారు. భర్తను ఒక్క పరీక్ష చేయించుకోమని అడిగేవారు అరుదు. చివరికి తలాక్ గురించో, రెండో వివాహం గురించో గుసగుసలు మొదలవుతాయి. ఒక మనిషిని దోషిగా నిలబెట్టే ముందు మనం విచారణ జరిపామా?

సంతానం విషయంలో దివ్య ఖుర్ఆన్ బోధన స్పష్టంగా ఉంది. ఆడపిల్లలు కలిగినా, మగపిల్లలు కలిగినా, ఇరువురూ కలిగినా, అసలు సంతానమే లేకపోయినా అది అల్లాహ్ నిర్ణయమేనని ‘అష్ షూరా’ సూరా 49, 50 ఆయతులు తెలుపుతున్నాయి. అక్కడ సంతానలేమి ఎవరి నేరంగానూ పేర్కొనబడలేదు. హజ్రత్ ఇబ్రాహీం (అలై), హజ్రత్ జకరియ్యా (అలై) వృద్ధాప్యం వరకూ సంతానం కోసం ఎదురుచూశారు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి)కు సంతానం లేదు. అయినా ఆమె ద్వారా రెండు వేలకు పైగా హదీసులు మనకు అందాయి. సంతానం లేనందువల్ల ఆమె గౌరవం ఏమైనా తగ్గిందా?

ఇక వైద్య పరిశోధన ఏం చెబుతున్నదో చూద్దాం. రక్తంలో ప్రయాణించి దూరంగా ఉన్న అవయవాలకు ఆదేశాలు చేరవేసే పదార్థాలకు ‘హార్మోన్’ అనే పేరును 1905లో ఇంగ్లండుకు చెందిన ఎర్నెస్ట్ స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చారు. అదే సంవత్సరం అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త పిండి పురుగులను పరిశీలించి, పుట్టేది మగదో ఆడదో నిర్ణయించేది వీర్యకణమేనని చూపారు. మానవులలోనూ అంతే. తల్లి నుంచి వచ్చేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లవాడు. అయినా ఆడపిల్లలనే కన్నదని తల్లిని దెప్పిపొడిచే ఇళ్లు నేటికీ ఉన్నాయి.

స్త్రీలలో నేడు ఎక్కువగా వినిపిస్తున్న సమస్య పీసీఓఎస్. 1935లో చికాగో వైద్యులు స్టీన్, లెవెంథాల్ దీనిని వర్ణించారు. ఈ సమస్య ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందువల్ల శరీరం మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది. అది అండాశయాలను ప్రేరేపించి పురుష హార్మోన్లను పెంచుతుంది. ఫలితంగా అండం విడుదల కాదు, నెలసరి తప్పుతుంది, ముఖంపై వెంట్రుకలు వస్తాయి. ఇది సన్నగా ఉన్నవారిలోనూ కనిపిస్తుంది. కాబట్టి ‘తిండి ఎక్కువై వచ్చిన జబ్బు’ అని తేల్చేయడం న్యాయం కాదు. అండం విడుదలయ్యేందుకు లెట్రోజోల్ వంటి మందులు ఉన్నాయి.

పురుషులలోనూ మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి పంపే రెండు హార్మోన్లు అందకపోతే వీర్యకణాలు తయారు కావు. మరికొందరిలో నాళం మూసుకుపోయి ఉంటుంది. పైకి ఎంత దృఢంగా కనిపించినా ఈ లోపం ఉండవచ్చు. దీనిని తెలుసుకునే తొలి పరీక్ష, స్త్రీలకు చేసే అనేక పరీక్షల కంటే సులభమైనది. ప్రపంచవ్యాప్తంగా ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

‘అంతా అల్లాహ్ చేతిలో ఉన్నప్పుడు కారణాలు వెతకడం దేనికి?’ అని కొందరు అంటారు. కాని వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా బోధించారు. కారణాలను సృష్టించినవాడూ అల్లాహ్‌యే. వాటిని తెలుసుకోవడం విధివ్రాతపై తిరుగుబాటు కానేరదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. పరీక్షలో లోపం భర్తలో ఉందని తేలితే అప్పుడు అతణ్ణి నిందించాలా? అలా చేస్తే పాత అన్యాయాన్నే కొత్త మనిషి నెత్తిన పెట్టినవారమవుతాం. శరీరంలో ఒక గ్రంథి పనిచేయకపోవడం కారణం మాత్రమే, నేరం కాదు. మనిషి తన ఇష్టంతో ఎంచుకున్న పనికే అల్లాహ్ ముందు లెక్క చెప్పుకోవలసి ఉంటుంది. ఏ స్త్రీ గాని, ఏ పురుషుడు గాని తన హార్మోన్లను ఎంచుకోలేదు.

మరి నేరం ఎక్కడ మొదలవుతుంది? మన ఎంపిక ఉన్నచోట. పరువు పేరుతో పరీక్షకు నిరాకరించి భార్యను నిందలపాలు చేయడం మన ఎంపిక. కుమారుని రిపోర్టు తెలిసి కూడా నోరు మెదపక, కోడలిని మాటలు పడనివ్వడం మన ఎంపిక. అనుమానాలకు దూరంగా ఉండమని, పరులను ఎగతాళి చేయవద్దని ‘అల్ హుజురాత్’ సూరా హెచ్చరిస్తుంటే, ఆ హెచ్చరికను మన ఇంటి గడప బయటే వదిలేయడం కూడా మన ఎంపికే.

రోగిని గురించి ఊరంతా చాటమని దీని భావం కాదు. రహస్యాన్ని కాపాడటం అమానతే. అయితే ఒకరి రహస్యం కాపాడటానికి మరొకరిని బలి ఇవ్వకూడదు. ‘ఇది మా ఇద్దరి విషయం, వైద్యం చేయించుకుంటున్నాం, దుఆ చేయండి’ అని భర్త నలుగురిలో ఒక్క మాట అంటే చాలు. రహస్యమూ నిలుస్తుంది, ఆమె గౌరవమూ నిలుస్తుంది. కనుక దంపతులిద్దరూ కలిసే వైద్యుని వద్దకు వెళ్లాలి. పెద్దలు వారికి అండగా ఉండాలి. వైద్యం ఫలించకపోతే సహనం వహించాలి.

తెలియని విషయంలో నోటిని అదుపులో ఉంచుకునే వివేకాన్ని, తెలిసిన సత్యానికి అండగా నిలిచే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.