నాలుక తీర్పు ఎంతవరకు?

హవానాలో సిగార్లు చుట్టే కార్ఖానాల్లో రుచి చూడటమే పనిగా ఉన్న మనుషులుంటారు. తయారైన సరుకులోంచి కొన్ని తీసి ముట్టిస్తారు. దమ్ము సాఫీగా వస్తోందా, నిప్పు చుట్టూ సమంగా పాకుతోందా, వాసనెలా ఉంది, ఘాటు ఆ రకానికి తగ్గట్టుందా అని చూసి తమ అభిప్రాయం చెబుతారు. ఆ మాట తిరిగి చుట్టిన మనిషి దాకా వెళ్తుంది. ఒకరి నోరు మరొకరి చేతిపనికి తీర్పు చెప్పే ఈ ఏర్పాటు నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తోంది. ‘ఇది మంచి సిగారు’ అన్నప్పుడు మనం దేన్ని మంచిదంటున్నాం? ఆకునా, చేతినా, మనకు కలిగిన సుఖాన్నా?

ముందు చేతి సంగతి చూద్దాం. సిగారు లోపల పొడవాటి ఆకులు మడతలు పడి ఉంటాయి. వాటిని పట్టి ఉంచడానికి ఒక ఆకు, అన్నిటికీ పైన నున్నటి పై ఆకు. మొక్క కొసన ఎండ బాగా తాగిన ఆకు దళసరిగా, ఘాటుగా ఉంటుంది, నిదానంగా కాలుతుంది. అందుకే దాన్ని నట్టనడుమ పెడతారు. అది ఓ పక్కకు ఒరిగితే నిప్పు కూడా వంకరగా పాకుతుంది. ఆకుల్ని ఒక్కచోట కాస్త ఎక్కువ నొక్కినా దమ్ము రాదు, బుగ్గలు లోతుకుపోయేలా లాగాలి. వదులుగా చుడితే పొగ వేడెక్కి నాలుక చుర్రుమంటుంది. గుట్టలు పోసిన ఆకు సరిగ్గా పులియకపోతే అమ్మోనియా ముక్కును పొడుస్తుంది. బూడిద రాలకుండా గట్టిగా నిలిస్తే లోపల ముక్కలు కాకుండా నిండు ఆకులే ఉన్నాయని అర్థం. అంతకుమించి రుచి గురించి ఆ బూడిద ఏమీ చెప్పదు, దాన్ని చూసి మురిసిపోయేవాళ్లు ఎంతమంది ఉన్నా సరే. వీటిలో ఏదీ తాగేవాడి ఊహ కాదు. రుచి ఎవరిష్టం వారిదని తేలిగ్గా కొట్టిపారేసే మాటను అందుకే నేను ఒప్పుకోలేను. నాలుకకు తెలిసేది నిజంగా ఉన్నదే.

1757లో స్కాట్లండు తాత్వికుడు డేవిడ్ హ్యూమ్ రుచికి ప్రమాణమేమిటని ఒక వ్యాసం రాశాడు. అందులో డాన్ కిహోటే నవల నుంచి ఒక కథ తెచ్చుకున్నాడు. సాంకో పాంజా చుట్టాలిద్దరు ఒక పీపాలోని ద్రాక్షసారా రుచి చూస్తారు. బాగుంది గానీ కాస్త తోలు రుచి తగులుతోందంటాడు ఒకడు. ఇనుము తగులుతోందంటాడు రెండోవాడు. అందరూ నవ్వుతారు. పీపా ఖాళీ చేశాక అడుగున తోలు పట్టీ కట్టిన ఇనుప తాళంచెవి బయటపడుతుంది. సున్నితమైన నాలుక కనిపెట్టేది వట్టి భ్రమ కాదనడానికి హ్యూమ్‌కు ఆ తాళంచెవి సరిపోయింది. నన్ను మాత్రం అది ఇంకాస్త ముందుకు తోస్తుంది. ఎంత సున్నితమైన నాలుకకూ తగలకుండా అడుగున ఉండిపోయేవాటి మాటేమిటి?

1865లో హవానాలోని ఎల్ ఫీగరో కార్ఖానాలో ఒక కొత్త అలవాటు మొదలైంది. అందరూ బల్లల ముందు కూర్చుని చుడుతుంటే ఒకరు పత్రికలూ పుస్తకాలూ పైకి చదివి వినిపించేవారు. చదివే మనిషికి కార్మికులే తమ కూలిలోంచి తలా కొంత వేసుకుని ఇచ్చేవారు. సతుర్నీనో మార్తీనెస్ అనే పొగాకు కార్మికుడు, కవి కూడా, అదే ఏడాది ‘లా అరోరా’ అనే కార్మిక పత్రిక పెట్టాడు. మరుసటి ఏడాదే స్పెయిన్ వలస ప్రభుత్వం కార్ఖానాల్లో చదవడాన్ని నిషేధించింది. అయినా ఆ అలవాటు చావలేదు, క్యూబాలో ఇప్పటికీ ఉంది. మాంటెక్రిస్టో సిగారుకు ఆ పేరు అలా విన్న ఫ్రెంచి రచయిత డ్యూమా నవల నుంచే వచ్చిందని చెబుతారు. నవల వింటూ చుట్టిన సిగారుకు వేరే రుచి వస్తుందా? రాదు. బెత్తం దెబ్బలకు భయపడి చుట్టినదైనా, చేయి తిరిగిన మనిషి చుట్టి ఉంటే నోటికి ఒక్కలాగే తగలవచ్చు. ఈ రెండూ సమానంగా మంచివేనని చెప్పడానికి నాకు నోరు రాదు. అలా అని తేడా ఏ నాలుకతో రుజువు చేయగలను?

1992లో అమెరికాలో మొదలైన ‘సిగార్ అఫిషనాడో’ పత్రిక సిగార్లకు 100కి ఇన్నని మార్కులు వేస్తుంది. కంపెనీ పేరున్న పట్టీ తీసేశాకే పరీక్షించేవాళ్లకు ఇస్తారు. పేరు చూసి మోసపోకుండా ఉండటానికి అది న్యాయమైన పద్ధతే. కాకపోతే పేరుతో పాటు చుట్టిన మనిషి కూడా అక్కడ లేకుండా పోతాడు. హవానా కార్ఖానాలో రుచి చూసేవాడి మాట చుట్టేవాడికి చేరుతుంది, రేపటి పనిని మారుస్తుంది. ఇక్కడ ఆ మాట కొనేవాడి దగ్గరే ఆగిపోతుంది.

ఇవన్నీ ఎక్కడో సముద్రాల అవతలి సంగతులు కావు. గోదావరి లంకల్లో వరద వదిలిన ఒండ్రులో పండే లంక పొగాకు, దాని ఘాటు, చుట్ట కాల్చేవాళ్లందరికీ తెలుసు. నాలుక తీర్పు అసలు పరీక్షకు నిలిచేది మాత్రం ఇంకాస్త ఉత్తరాన. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఆడవాళ్లు తరతరాలుగా అడ్డపొగ తాగుతున్నారు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీలుస్తారు. గాలికి ఆరదు, నుసి రాలదు, రెండు చేతులా పని చేసుకోవచ్చు. ఏ ఆకు ఎలా కాలుతుందో, ఎక్కడ ఘాటెక్కుతుందో వాళ్లకు తెలిసినంతగా ఏ పత్రిక పరీక్షకుడికీ తెలియదు. ఆ వేడీ ఆ పొగా ఏళ్ల తరబడి తగిలి అంగిట్లో తెల్లమచ్చలు, పుళ్లు, కొందరికి క్యాన్సర్ వస్తాయి. తీర్పు చెప్పిన నోరే శిక్ష అనుభవిస్తుంది. సాక్షి అబద్ధమాడలేదు, ఆకు బాగుందన్నది నిజం. అంగిలికి జరుగుతున్నది కనిపెట్టే శక్తి రుచికి లేదు, అంతే.

1970ల చివరి నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంత పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగారు. నోళ్లు చూశారు, చుట్ట మానమని నచ్చజెప్పారు, ఏళ్లపాటు మళ్లీ మళ్లీ వెళ్లి చూశారు. కొందరు మానేశారు, మరికొందరు తగ్గించారు, అంగిట్లో మచ్చలూ తగ్గాయి. వైద్యం చేసిన మంచి పనుల్లో దీన్ని నేను చాలా పైన పెడతాను. ఇలాంటి చోట మనం తరచూ ఒక తొందరపాటు మాట అంటాం: ఆ రుచి అసలు రుచే కాదనీ, అదంతా అలవాటు చేసిన మాయ అనీ. నికోటిన్ బానిసను చేస్తుందన్న మాట నిజమే. అంతమాత్రాన, పని చేసుకుంటూ తాగిన చుట్టలో అక్కడి ఆడమనిషికి దొరికిన హాయిని, ఏ ఆకు మంచిదో ఆమెకున్న తెలివిడిని అబద్ధమనడానికి మనకు హక్కు లేదు. ఆమె మానుకున్నది చెడ్డ రుచిని కాదు. బాగుందని తనకు బాగా తెలిసినదాన్నే, ప్రాణం ఇంకా విలువైనదని ఎంచుకుని పక్కన పెట్టింది. ఆ రుచిని లేదనేస్తే ఆమె వదులుకున్నదానికి బరువు లేకుండా పోతుంది.