పూచిన చెట్టు, చూచిన కన్ను

మనుష్యుడు తన ఊరి చెట్టును చూడడు. పరాయి ఊరి చెట్టు ముందు నిలిచిపోవును. ఇది లోకమున నిత్యము కనబడు విషయమే. తన పెరటి చెట్టు క్రింద ప్రతిదినము తలవంచుకొని నడచిపోవువాడు, నాలుగు దినముల పనిమీద ఏదో నగరమునకు పోయినపుడు, వీధి మలుపులో పూచిన కొమ్మను చూచి ఆగును. తోడివారిని పిలిచి చూపును. దాని పేరేమని అడుగును. ఈ చిన్న సంగతిలో ఒక పెద్ద ప్రశ్న అణగియున్నది. చూచుట యనగా నేమి? అది తీరిక దొరికినవాని వినోదమా, లేక మనుష్యుడు లోకమునకు తీర్పవలసిన ఋణమా?

ఇట్టి ప్రశ్నను గాలిలో నిలుపుటకంటె ఒక చోట నిలిపి పరిశీలించుట మేలు. ఫాల్గుణ మాసమున ఆంధ్రదేశమునుండి కోల్‌కతాకు పోయిన యాత్రికు నొకనిని ఊహింతము. అతడు హౌరాలో రైలు దిగి, వంతెన దాటి, వచ్చిన పని చక్కబెట్టుకొని, మరునాటి ఉదయమున రవీంద్ర సరోవరపు ఒడ్డున నడచుచుండును. ఒక చోట, ఆకు లేని నల్లని వంకర కొమ్మల నిండ, నిప్పుకణికలవలె ఎర్రని పూవులు కనబడును. క్రింద నేలయంతయు ఎర్రగానే ఉండును. ఒక పాకీపనివాడు పొడుగాటి చీపురుతో ఆ పూవులను ప్రోగుచేయుచుండును. యాత్రికుడు తనకు వచ్చిన హిందీలో ఇదేమి చెట్టని అడుగును. ఊడ్చువాడు తల యెత్తకయే “పలాశ్” అని బదులు చెప్పును.

పలాశమనగా మోదుగ. యాత్రికుడు తెల్లబోవును. అతని ఊరి పొలిమేరలో మోదుగలు లెక్కకు మిక్కిలిగా ఉండును. మోదుగాకుల విస్తరిలో అతడు చిన్ననాట అన్నము తినెను. మోదుగ దొన్నెలో ప్రసాదము పుచ్చుకొనెను. ఉపనయనమునాడు వటువు చేతికిచ్చు దండము మోదుగదే. కాముని పున్నమకు తెలంగాణపు పల్లెలలో పిల్లలు చల్లుకొను రంగు మోదుగపూలను ఉడికించి తీసినదే. ఆకు నెరుగును, కొమ్మ నెరుగును, రంగు నెరుగును. కాని చెట్టు ముందు నిలిచి చెట్టును చూచిన జ్ఞాపకము మాత్రము అతనికి లేదు.

ఇందుకు అతనినొక్కనినే తప్పుపట్టుట న్యాయము కాదు. ఉపయోగము కన్నును మూయును. హిందీవారు ఈ చెట్టునే ఢాక్ అందురు. ఎంత శ్రమించినను స్థితి మారనిచోట “ఢాక్‌కు మూడే ఆకులు” అని వారికొక సామెత కలదు. తరతరములుగా జనులు ఆకులను మూడని లెక్కించిరి. పూవు ఆ సామెతలోనికి రాలేదు. సంస్కృతము నేర్చినవారు చేసినదియు ఇంచుమించుగా ఇంతే. విద్యలేని రూపవంతుని వాసనలేని మోదుగపూవుతో పోల్చి, ఆ పోలిక కుదిరినంతనే పూవును విడిచిరి. విస్తరి కుట్టువానికి ఆకు చాలినది. నీతి చెప్పువానికి వాసన లేకుండుటయే చాలినది. ప్రయాణము చేయు మేలెల్ల ఇంతమాత్రమే: అది వస్తువును దాని ఉపయోగమునుండి కొంతసేపు విడదీసి చూపును. కోల్‌కతా మోదుగతో యాత్రికునికి పని యేదియు లేదు. కనుకనే అది కనబడెను.

ఇచట కఠినుడైన ధర్మవాది యొకడు అడ్డు రావచ్చును. “పూవులు చూచి మురియుటకు నీకు ఈ నగరమే దొరికినదా?” అని అతడు అడుగును. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. 1943లో వంగదేశమును కరవు పట్టినపుడు పల్లెలనుండి వేలకు వేలు జనులు కలకత్తా వీధులకు వచ్చిపడిరి. అన్నము అడుగుటకైనను వారికి ధైర్యము చాలలేదు. ఇంటింటి వాకిట నిలిచి, అన్నము వార్చిన గంజి పోయుడని వేడుకొనిరి. ఆ కరవులోను, దాని వెనుక వచ్చిన రోగములలోను, ఇరువది నుండి ముప్పది లక్షలమంది మరణించిరని చరిత్రకారుల అంచనా. జైనుల్ ఆబెదీన్ అను చిత్రకారుడు ఆ దృశ్యములను చౌక కాగితముపై నల్లని సిరాతో గీచెను. ఆ బొమ్మలు ఎదుట నుండగా నగరమున ఎందరో ఆ వీధులలోనే పనులకు పోయి వచ్చిరి. చూడకుండ నడచుట అలవరచుకొనిరి. ఆ యేడు కరవు ముదురుటకు ముందు వచ్చిన ఫాల్గుణమునను మోదుగలు పూచియే యుండును. ఆకలిగొన్నవాడు పడియున్న బాటపై పూవును చూచువాని కన్ను నిర్దోషమైనదా? ఇది ధర్మవాది ప్రశ్న.

దీనికి తేలికగా చెప్పదగిన సమాధాన మొకటి కలదు. పూవును చూడగల కన్నే మనుష్యుని చూడగలదనియు, సౌందర్యమునందు మేలుకొన్నవాడు దయయందును మేలుకొనుననియు కొందరు వాదింతురు. వినుటకు ఇంపుగానున్నను ఇది నిజము కాదు. తోటలు పెంచిన ప్రభువులు ఎందరో ప్రజలను పీడించిరి. మన యాత్రికుడే సాక్షి: అతడు కొమ్మను చూచెను, రాలిన పూవును చూచెను, చీపురు పట్టినవాని ముఖము చూడలేదు. అతనికి వసంతమైనది ఆ పనివానికి రెట్టింపు చాకిరి. కాబట్టి పూవును చూచుట దానంతటదియే ధర్మము కాదు. అట్లని పూవునుండి కన్ను త్రిప్పుకొన్నంతమాత్రమున ఆకలిగొన్నవానికి ఒక్క మెతుకైనను చేరదు. 1943లో బాటపై పడినవానిని చూడక నడచిపోయినవారు పూవుల ధ్యానములో నుండి అట్లు చేయలేదు. ప్రతిదినము చూచుచుండుటచేతనే చూడకపోయిరి. తన ఊరి మోదుగ యాత్రికునికి కనబడకపోవుటకును కారణము అదియే. ఈ రెండు అంధత్వములకు మూలము ఒక్కటి, దాని పేరు అలవాటు.

మరి చూచుటకు ధర్మమెక్కడ అంటును? ఈ మోదుగనుగూర్చియే బౌద్ధుల జాతకములలో ఒక కథ కలదు; దానికి కింశుకోపమ జాతకమని పేరు. కాశీరాజు కుమారులు నలుగురు మోదుగ చెట్టును చూపుమని సారథి నడిగిరి. సారథి వారిని ఒక్కమారుగా కొనిపోక, వేరువేరు కాలములందు ఒక్కొక్కనిని కొనిపోయి చూపెను. తరువాత నలుగురును కూడినపుడు, అది కాలిన మొద్దువలె నున్నదని ఒకడు, మఱ్ఱివలె నున్నదని ఒకడు, మాంసపు ముద్దవలె నున్నదని ఒకడు, దిరిసెనవలె నున్నదని ఒకడు వాదించిరి. తగవు రాజు నొద్దకు పోయెను. నలుగురు చెప్పినదియు నిజమే. అందరును చెట్టును చూచినవారే. వారు చేయని పని ఒక్కటే: తక్కిన కాలములందు ఈ చెట్టు ఎట్లుండునని సారథిని అడుగలేదు.

యాత్రికుని చూపునకు ఇంతకంటె తగిన దృష్టాంతము దొరకదు. అతడు నగరమునకు ఒక ఋతువులో వచ్చును. ఆ ఋతువునే నగరమనుకొనును. పూవుల కాలమున వచ్చినవానికి కోల్‌కతా పూలతోట. కరవు కాలమున వచ్చినవానికి శ్మశానము. 2020 మే 20వ తేదీన ఆంఫాన్ తుపాను ఆ నగరముపై విరుచుకుపడి వేలాది చెట్లను కూల్చెను. మరునాడు వచ్చినవానికి అది దారికడ్డముగా పడిన మొద్దుల నగరము. ఏ ఒక్కరి చూపును అబద్ధము కాదు. చూచినది చాలునను తృప్తియే దోషము. ఆనందించుట తప్పు కాదు. ఆనందించి, అడుగక, ముందునకు సాగుటయే తప్పు. సారథి ఎక్కడో లేడు. ఆ చెట్టు క్రింద ప్రతిదినము ఊడ్చువాడు దానికి ఆకు ఎప్పుడు రాలునో, మొగ్గ ఎప్పుడు నల్లగా పొడచూపునో, కాయ ఎప్పుడు ఎండి క్రింద పడునో ఎరుగును. యాత్రికుడు అతనిని చెట్టు పేరు మాత్రమే అడిగెను.

ఆకలికిని వృక్షములకును మధ్య ఇట్టి ప్రశ్న పూర్వము ఈ నగరముననే ఒకరు అడిగిరి. నదికి ఆవలి ఒడ్డున శిబ్‌పూర్‌లోనున్న వృక్షశాస్త్రోద్యానము, 2009 నుండి ఆచార్య జగదీశచంద్ర బోసు పేర నున్నది, 1787లో స్థాపితమైనది. కంపెనీ సైన్యమున ఉద్యోగియైన రాబర్ట్ కిడ్ అంతకు ముందటి యేడు దానిని ప్రతిపాదించుచు, కరవు వచ్చినపుడు జనులను కాపాడగల సగ్గుబియ్యపు తాటి వంటి చెట్లను తెచ్చి పెంచవలెనని తలపెట్టెను. అరుదైన మొక్కలను వింతకొరకు కూర్చుట అతని ఉద్దేశము కాదు. 1770 నాటి మహాక్షామము అప్పటికి మరపునకు రాలేదు. 1793లో ఆ ఉద్యానమునకు అధికారిగా వచ్చిన విలియం రాక్స్‌బరో, అంతకు ముందు పెక్కేండ్లు మన సామర్లకోటలో పనిచేసినవాడు. ఉత్తర సర్కారులను 1790 ప్రాంతమున పీడించిన కరవును అతడు దగ్గరనుండి చూచెను. వానలు తప్పినను నిలిచి తిండి పెట్టగల కొబ్బరి, పనస వంటి చెట్లను విరివిగా నాటవలెనని వ్రాసెను.

1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడిన అతని కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున మూడువందల చిత్రములు కలవు. మొదటి సంపుటమున మోదుగ కలదు. దాని తెలుగు పేరు కూడ కలదు. ఆ పేరు అతనికి చెప్పినది ఏ పల్లెవాడో మనకు తెలియదు. బొమ్మలు గీచిన భారతీయ చిత్రకారుల పేర్లును గ్రంథమున ప్రసిద్ధికి రాలేదు. అట్టి శాస్త్రచిత్రములందు ఒక గుణము గమనింపదగినది. అడవిలో ఒక్కనాడు ఎన్నడును కూడి కనబడని పూవును, ఆకును, కాయను, గింజను చిత్రకారుడు ఒకే కాగితముపై కూర్చును. నలుగురు రాజకుమారుల తగవును అతడు మాట లేకయే తీర్చినాడనవచ్చును. ఒక ఋతువులో చూచి ఆగక, తక్కిన ఋతువులకై వేచియుండినవానికే ఇట్టి చిత్రము సాధ్యము.

అట్లని ఈ పెద్దలను ఋషులుగా నిలుపుట తగదు. వారు కంపెనీ కొలువువారు. 1770లో జనులు చచ్చుచుండగా శిస్తు వసూళ్లను సడలింపని కంపెనీయే ఆ తోటకును యజమాని. ఏ చెట్టు కరవున ఆదుకొనునని ఉద్యానము అడిగెను. కరవును పెంచు పాలన ఎవరిదని అడుగలేదు. వారి చూపును ఒక కొంత వరకు వచ్చి నిలిచిపోయినది. అయినను వారినుండి నేర్వదగిన దొకటి కలదు. చెట్టును శ్రద్ధగా చూచుటయు, ఆకలిని శ్రద్ధగా చూచుటయు పరస్పర విరుద్ధములు కావు. ఒకనికే ఆ రెండును సాధ్యమైనవి. కాని ఒకటి చేసినంతనే రెండవది తనంత రాలేదు. దానికై వేరుగా అడుగవలసి వచ్చెను, ఎంతవరకు అడిగిరో అంతవరకే వచ్చెను.

పూర్వులు మోదుగకు పెట్టిన మరియొక పేరులో ఈ ధర్మము దాగియున్నది. దానిని కింశుకమనిరి. “కిం శుకః?” అనగా ఇది చిలుకయా అని అర్థము చెప్పుదురు. ఆ పూవు వంపు చిలుక ముక్కువలె ఉండుటచేత, మొదట చూచినవాడు ఎవడో ఆగి, సందేహించి, అడిగియుండును. ఆ ప్రశ్ననే జనులు పేరుగా నిలుపుకొనిరి. సాధారణముగా పేరు తెలియుటతో మన విచారణ ముగియును. ఇదేమని అడుగుదుము, పలాశమందురు, సరేనని కదలుదుము. ఈ పేరు అట్టిది కాదు. పలికినప్పుడెల్ల అది మరల అడుగుచునే యుండును.

కావున చూచుట వినోదమా, ఋణమా యని మొదట వేసిన ప్రశ్నకు రెండును అనియే చెప్పవలసియున్నది. మొదటి చూపు వినోదము. అది ఉచితముగా దొరకును, దానికై సిగ్గుపడ నక్కరలేదు. రెండవ చూపు ఋణము. అది అడిగి తీర్పవలసినది. యాత్రికుడు మరునాడు అదే బాటను పోయినచో, ఊడ్చువానిని అతని ఊరేదని అడుగవచ్చును. అతడే బీహారు పల్లెనుండియో వచ్చియుండవచ్చును; అతని ఊరి పొలిమేరలోను ఈ చెట్లే ఉండవచ్చును; వానిని అతడు ఎన్నేండ్లుగా చూడలేదో చెప్పవచ్చును. శ్రీకాకుళ విశాఖ మండలములనుండి హుగ్లీ తీరపు జనపనార మిల్లులకు పోయి అచటనే ముసలివారైన తెలుగు కూలీల సంగతియు అప్పుడు యాత్రికునికి తలపునకు రావచ్చును. వారిని చూచుటకు ఏ ఫాల్గుణమును ఎవరినీ పంపలేదు.

ఆ పిమ్మట అతడు తన ఊరికి తిరిగి వచ్చును. పొలిమేరలో మోదుగలు అప్పటికి పూవు రాల్చి చిగురించుచుండును. వాని క్రింద ఒక ముసలామె కూర్చుండి ఆకులు ఏరి పుల్లలతో విస్తళ్లు కుట్టుచుండును. ఏండ్ల తరబడి అతడు ఆ విస్తళ్లు కొన్నాడు. వెల తగ్గించుమని అడిగినాడు. అంతకుమించి యేమియు అడుగలేదు. కోల్‌కతా పూవు అతనికి నిజముగా కనబడినదో లేదో ఈ చెట్టు క్రింద తెలియగలదు.