ఇంతకీ మీరేమిట్లు?

ప్రశ్నలన్నీ ఒక్కలాంటివి కావు. "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే, జవాబు వినగానే ఆ సంగతి అక్కడితో తీరిపోతుంది. "ఈ కూర నువ్వే వండావా?" అన్నారనుకోండి, దానికి కాదన్నా చిక్కే, అవునన్నా చిక్కే. అవునంటే "నిజంగా?" అని ఇంకో ప్రశ్న తయారుగా ఉంటుంది. మొదటిది తెలుసుకోవడానికి అడిగేది. రెండోది మన సంగతేమిటో తేల్చడానికి అడిగేది. ఈ తేడా ఆడవాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పెళ్ళిచూపుల చాప మీద కూర్చున్ననాడే తెలిసిపోతుంది.

మనవైపు ఈ రెండో రకం ప్రశ్నలకి పెద్దక్క లాంటిది "మీరేమిట్లు?" అన్న ప్రశ్న. రైల్లో ఎదురుగా కూర్చున్నావిడ ముందు ఊరు అడుగుతుంది, తర్వాత ఇంటిపేరు అడుగుతుంది. ఇంటిపేరుతో తేలకపోతే "ఫలానా వూళ్ళో ఫలానావాళ్ళు మీకేమవుతారు?" అంటుంది. అద్దె ఇల్లు చూడ్డానికి వెళితే "నీచు తింటారా?" అని చుట్టు తిరిగి అక్కడికే వస్తారు. ఇదంతా మన దేశపు జాడ్యం, చదువూ నాగరికతా ఉన్నచోట ఇలాంటివి ఉండవు అని మనలో చాలామందికి ఒక నమ్మకం. చంద్రుడి మీద కాలు పెట్టి వచ్చిన దేశంలో, ఉపాధ్యక్షురాలిగా పనిచేస్తున్న మనిషిని నిలబెట్టి, కోట్లమంది చూస్తూండగా ఇదే ప్రశ్న వేశారంటే ఆ నమ్మకం సంగతి ఏం చెప్పాలి?

2024 జులై 31న షికాగోలో నల్లజాతి పాత్రికేయుల జాతీయ సంఘం సమావేశం జరిగింది. బైడెన్ పోటీలోంచి తప్పుకుని, కమలా హారిస్ ముందుకొచ్చి అప్పటికి పది రోజులు. ఆ వేదిక మీద కూర్చుని ట్రంప్ ఒక మాట అన్నాడు. ఆవిడ ఎప్పుడూ భారతీయురాలిననే చెప్పుకునేదట. నల్లజాతి మనిషని కొన్నేళ్ళ కిందటిదాకా తనకి తెలియదట. ఉన్నట్టుండి ఆవిడ నల్లజాతి మనిషి అయిపోయిందట. ఇంతకీ ఆవిడ ఇదా, అదా? ఇదీ ఆయన సందేహం.

ఎదురుగా ఉన్న విలేఖరి ఊరుకోలేదు. ఆవిడ ఎప్పుడూ నల్లజాతి స్త్రీగానే చెప్పుకుంటూ వచ్చింది, చదివింది కూడా నల్లజాతివాళ్ళ కోసం వెలసిన విశ్వవిద్యాలయంలోనే అని అక్కడికక్కడే గుర్తుచేసింది. మెచ్చుకోవలసిన పని. కాని మాట అప్పటికే గడప దాటింది. పత్రికలూ టీవీలూ దాన్ని అందుకుని చర్చలు పెట్టాయి. నెల తిరక్కుండా, ఆగస్టు 29న, సీఎన్ఎన్ వాళ్ళు ఆవిణ్ణి ఇంటర్వ్యూ చేస్తూ ఆ మాటకి మీ సమాధానం ఏమిటని అడిగారు. అదే పాత అరిగిపోయిన పద్ధతి, తర్వాతి ప్రశ్న అడగండి, అంది ఆవిడ. అంతే. అక్కడితో వదిలేసింది.

అడగడం తప్పా? ఎదటివాళ్ళు అన్నదానికి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వడం న్యాయమే కదా అనచ్చు. నిజమే. కాని ఈ న్యాయం ఎలాంటిదో మన ఇళ్ళల్లో చూడండి. పక్కింటావిడ వచ్చి "మీ కోడలు నగలు పుట్టింటికి చేరవేస్తోందట" అని చెవిలో ఊది పోతుంది. అత్తగారు చాలా ధర్మంగా కోడల్ని పిలిచి, "నేనేమీ అనటంలేదమ్మా, వాళ్ళు అలా అంటున్నారు, నువ్వేమంటావు?" అంటుంది. ఏమంటుంది ఆ పిల్ల? బీరువా తెరిచి చూపించాలా? ఏడవాలా? ఏం చేసినా, ఊళ్ళో మాట మాత్రం నిలిచిపోతుంది. అత్తగారికి నిజంగా ధర్మబుద్ధి ఉంటే చెయ్యవలసింది వేరే ఉంది. బీరువా తాళాలు తన బొడ్లోనే ఉన్నప్పుడు ముందు తను తెరిచి చూసుకోవాలి. తర్వాత పక్కింటావిణ్ణి పిలిచి "నీకెవరు చెప్పారమ్మా?" అని అడగాలి.

హారిస్ విషయంలో ఆ బీరువా తాళం వెయ్యనే లేదు. 1964లో ఓక్లండ్‌లో పుట్టింది. తల్లి శ్యామలా గోపాలన్ మద్రాసులో పుట్టిన తమిళమ్మాయి. 1958లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, ఒంటరిగా బర్క్‌లీకి చదువుకోడానికి వెళ్ళి, తర్వాత రొమ్ము క్యాన్సర్ మీద పరిశోధన చేసింది. తండ్రి డొనాల్డ్ హారిస్ జమైకాలో పుట్టిన నల్లజాతి మనిషి, ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు. వాళ్ళు విడిపోయాక ఇద్దరాడపిల్లల్నీ ఎక్కువగా తల్లే పెంచింది. ఈ దేశం కళ్ళకి తన పిల్లలు నల్లపిల్లలుగానే కనపడతారని ఆ తల్లికి తెలుసుననీ, అందుకు తగ్గట్టే తమని ధైర్యంగా పెంచిందనీ కమల 2019లో వచ్చిన తన పుస్తకంలో రాసుకుంది. పిల్లలు గుడికీ వెళ్ళారు, నల్లజాతివాళ్ళ చర్చికీ వెళ్ళారు. కమల హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చదివి 1986లో పట్టా పుచ్చుకుంది. ఎన్నికలకి ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందటి సంగతి అది. ఓట్ల కోసం అంత ముందుచూపుతో ఎవరైనా కాలేజీలో చేరతారంటే, ఆవిడకి దండం పెట్టాల్సిందే.

ఆవిడకి ముందు ఒబామాకీ ఇదే అయింది. తల్లి కాన్సస్‌కి చెందిన తెల్లావిడ, తండ్రి కెన్యా దేశస్థుడు. వాళ్ళ పెళ్ళి 1961లో హవాయిలో అయింది. అదే పెళ్ళి వర్జీనియాలో చేసుకుంటే ఆనాటికి నేరం. తెల్లవాళ్ళు తెల్లవాళ్ళనే చేసుకోవాలని అక్కడ 1924లో చట్టం చేశారు. ఆ చట్టాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు చెప్పేసరికి 1967 వచ్చింది. ఆ కాలపు లెక్క ఏమిటంటే, ఒక్క చుక్క నల్లరక్తం ఉన్నా ఆ మనిషి నల్లవాడే. పాలలో మజ్జిగ చుక్క పడ్డట్టు. సరే, ఆ లెక్క ప్రకారం ఆ పిల్లాణ్ణి నల్లవాడిగానే చూశారు, అతనూ అలాగే పెరిగాడు. తీరా 2007లో అధ్యక్ష పదవికి పోటీలోకి దిగేసరికి "ఇతను నిజంగా సరిపడినంత నల్లవాడేనా?" అని పత్రికలవాళ్ళు మొదలుపెట్టారు. చిన్నప్పుడు ఒక్క చుక్క చాలింది. పెద్దయ్యాక సగం చాల్లేదు! 2010 జనాభా లెక్కల్లో, రెండు గళ్ళలో టిక్కు పెట్టే వీలున్నా, ఆయన నల్లజాతి అన్న ఒక్క గడిలోనే పెట్టాడు. దానిమీద మళ్ళీ చర్చ, తల్లిని మరిచిపోయాడా అని.

ఆ గళ్ళ సంగతి కూడా తమాషాగా ఉంటుంది. 1930 జనాభా లెక్కల్లో మనదేశంవాళ్ళ జాతి "హిందూ" అని రాసుకున్నారు. సిక్కు అయినా, ముసల్మాను అయినా హిందూ జాతే. అంతకుముందు 1923లో భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ సిక్కు కోర్టుకెక్కాడు. శాస్త్రజ్ఞుల పుస్తకాల ప్రకారం మేమూ మీ కాకేసియన్ జాతివాళ్ళమే, నాకు పౌరసత్వం ఇవ్వండి అన్నాడు. పుస్తకాల మాట ఎలా ఉన్నా, మామూలు మనిషి కంటికి నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది సుప్రీంకోర్టు. అప్పటికే పౌరసత్వం వచ్చిన మనవాళ్ళు కొందరికి దాన్ని ఊడబెరికారు కూడా. 1946లో గాని మనవాళ్ళకి ఆ తలుపు తెరుచుకోలేదు. 1965లో వలస చట్టం మార్చాకే మన డాక్టర్లూ ఇంజనీర్లూ వరసకట్టి విమానాలెక్కారు. తరవాత తరవాత లెక్కల్లో మన గడి మారింది, పేరు మారింది. మనుషులు మాత్రం ఆ మనుషులే.

ఇక అడిగినాయన సంగతి. ట్రంప్ తాతగారు జర్మనీ నుంచి వచ్చినాయన. తల్లి స్కాట్లండ్ నుంచి వచ్చినావిడ. కాని 1987లో అచ్చయిన తన పుస్తకంలో తాతగారు స్వీడన్‌వాడని ఉంది. తండ్రి కూడా అలాగే చెప్పుకునేవాడట. తర్వాత జర్మనీ అని ఒప్పుకున్నారు. మరి "తమరు జర్మన్ ఎప్పుడయ్యారు?" అని ఆయన్ని నిలబెట్టి అడిగిందెవరు? ఎవరికీ తోచదు. ఆ ప్రశ్న అందరి ముందూ సమానంగా వచ్చి నిలబడే ప్రశ్న కాదు. ఎవరు లోపలివాళ్ళు, ఎవరు గుమ్మంలో నిలబడాల్సినవాళ్ళు అని ముందే తేల్చుకుని వచ్చే ప్రశ్న.

అయితే పుట్టుక గురించి అసలు ఎవరూ ఏమీ అడక్కూడదా అంటే, అలా అని కూడా అనలేం. ఎలిజబెత్ వారెన్ అని ఒక సెనేటరు ఉంది. తనలో ఆదివాసీ రక్తం ఉందని ఎన్నో ఏళ్ళు చెప్పుకుంది. 2018లో డీఎన్ఏ పరీక్ష చేయించి చూపించింది కూడా. చెరోకీ జాతివాళ్ళు ఒప్పుకోలేదు. మాలో ఎవరు మనిషో చెప్పవలసింది మేము, మీ పరీక్షలు కాదన్నారు. చివరికి 2019లో ఆవిడ క్షమాపణ చెప్పుకుంది. అక్కడ అడగడంలో న్యాయం ఉంది. తనని కని పెంచని జాతి పేరు తను వాడుకుందని అడిగారు, అడిగిన వాళ్ళలో ఆ జాతివాళ్ళే ముందున్నారు. హారిస్‌నీ ఒబామానీ అడిగింది అది కాదు. కన్నతల్లినీ కన్నతండ్రినీ ఒకేసారి ఎలా ఒప్పుకుంటావని అడిగారు.

"మరి ఆవిడ ఇక్కడొకలా, అక్కడొకలా మాట్లాడిందిగా?" అంటారేమో. మాట్లాడే ఉంటుంది. 2020 ఆగస్టులో పార్టీ సభలో తనవాళ్ళ గురించి చెబుతూ "చిత్తీలు" అంది. పిన్నుల్ని తమిళంలో అలాగే అంటారు. ఆ ఒక్క ముక్కకి తమిళనాడు పరవశించిపోయింది. నల్లజాతి సభల్లో ఆవిడ మాట తీరు వేరేగా ఉండేది. ఇది మోసమంటే మనమందరం మోసగత్తెలమే. పుట్టింటి అరుగు మీద మన నవ్వు వేరు, అత్తింటి వసారాలో మన నడక వేరు. రెండూ మనమే. ఇన్నేళ్ళ కాపురం చేశాక ఎవరైనా వచ్చి "నువ్వు పుట్టింటి మనిషివా, అత్తింటి మనిషివా, ఒకటి తేల్చు" అంటే ఏం చెబుతాం? మనకి ఆ అనుభవం ఉండనే ఉంది. ఆడపిల్ల "ఈడ" పిల్ల కాదు, "ఆడ" పిల్ల అని పుట్టింట్లో అంటారు. "ఎంతైనా బయటినుంచి వచ్చిన పిల్ల" అని అత్తింట్లో అంటారు. రెండిళ్ళకీ చాకిరీ చేసే మనిషికి రెండిళ్ళల్లోనూ సగమే చోటు. హారిస్‌ని అడిగిన ప్రశ్న ఇంగ్లీషులో ఉంది గాని, మనకి కొత్తదేం కాదు.

మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం? 2024 వేసవిలో తమిళనాట తులసేంద్రపురం కమల కోసం పూజలు చేసింది, అది ఆవిడ తాతగారి ఊరు. వాన్స్ ఉపాధ్యక్ష పదవికి అభ్యర్థి కాగానే తణుకు దగ్గర వడ్లూరు సంబరపడింది, ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరు అది. సంతోషించడంలో తప్పులేదు. కాని "మన కమల" అని మురిసిపోయే కబుర్లు వింటూంటే ఒక్కటి గమనించాను. జమైకా తండ్రి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. తల్లి మనది, గెలుపు మనది, తండ్రి మాత్రం ఎవరో. ఆయన ఉన్నట్టుండి నల్లగా మారిందన్నాడు, మనం నల్లదనం అసలు కనపడనట్టు ఊరుకున్నాం. రెండుచోట్లా సగం మనిషినే లెక్కలోకి తీసుకున్నారు.

నవంబరులో ఆవిడ ఓడిపోయింది. ఈ ప్రశ్న వల్లే ఓడిందని నేననను. ధరలూ, వలసలూ, ఇంకా ఎన్నో ఉన్నాయి. అవన్నీ అడగవలసిన ప్రశ్నలే, నిలదీసి అడగవలసినవే. "నువ్వేం చేస్తావు?" అని అడిగినకొద్దీ ప్రజలకి మేలు. "నువ్వెవరు?" అని అడిగి, జవాబు విన్న తర్వాత కూడా అడుగుతూనే ఉన్నారంటే, అడిగేవాడికి జవాబుతో పనిలేదన్నమాట.

ఇది దూరదేశపు గొడవ అని పేజీ తిప్పెయ్యకండి. గుంటూరులోనూ వరంగల్లులోనూ ఎంతమంది అమ్మమ్మలు ఇవాళ వీడియోలో మనవల్ని చూసుకోవడంలేదు? ఆ మనవల్లో కొందరికి తండ్రి తెల్లవాడు, కొందరికి తల్లి మెక్సికో పిల్ల, కొందరికి తాత ఆఫ్రికావాడు. పిల్లలు ఊరికొస్తారు. పేరంటానికి వచ్చినావిడ బుగ్గ గిల్లి, ఉంగరాల జుట్టు సవరించి, మెల్లిగా గొంతు తగ్గించి "ఇంతకీ ఈ పిల్ల ఏమిట్లు?" అంటుంది. పిల్లకి తెలుగు రాదు గాని, ఆ గొంతు తగ్గడం అర్థమవుతుంది.

"మా మనవరాలండీ" అని చెప్పండి, గొంతు తగ్గించకుండా. ఆవిడ ఇంకా చూస్తూంటే "కాఫీలో చక్కెర ఎంత వెయ్యమంటారు?" అని అడగండి. తర్వాతి ప్రశ్న అడగండి అనడానికి మన తెలుగులో అంతకంటే మర్యాదైన మాట లేదు.